కువైట్ మీదుగా రాయచోటికి మేకపిల్ల

మా బడికి ఈ ఏడు కొత్తగా వచ్చిన కథల పుస్తకాల్లో ఆ మేకపిల్ల మళ్ళీ కనిపించింది. నూరేళ్ళు దాటిన కథ. రంపపు పొట్టు కూరిన ఒక గుడ్డ మేకపిల్ల అంగడి కిటికీలోంచి పాలబండిలో పడుతుంది. ఊళ్ళు తిరుగుతుంది, వానలో తడుస్తుంది, కుక్క నోట పడుతుంది, చివరికి తనకోసం ఎదురుచూసే ఒక పాప దగ్గరికి చేరుతుంది. కథ పాతదే అయినా బొమ్మలు మాత్రం ఇప్పటివి, కళ్ళు జిగేల్‌మనేట్టు వేశారు. రెండో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. మేక తప్పిపోయిన చోటికి వచ్చేసరికి ముందు బెంచీవాడొకడు చెయ్యెత్తి, "టీచర్, లొకేషన్ పంపితే సరిపోయేది కదా" అన్నాడు. తక్కినవాళ్ళంతా అవునవునన్నారు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మేకకి ఫోను ఎవరిచ్చార్రా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను. వీళ్ళు ఇవ్వగలరు, చెప్పలేం.

ఆ సాయంత్రం ఇక్కడ కువైట్‌లోని హవల్లీ పేటలో కారు ఎక్కడ పెట్టాలో తెలియక చుట్లు కొడుతుంటే, మేము ఒకప్పుడు ఉన్న సందు తగిలింది. మా పాత భవనం ఎప్పుడో పడగొట్టేశారు. దాని చోట అద్దాల మేడ లేచింది, కింద అన్నీ ఫోన్ల అంగళ్ళే. నా వయసు పిల్లలం అప్పుడు ఆడుకున్న ఇసుక జాగా మీద ఇప్పుడు కార్లు నిలబడున్నాయి. అక్కడే బండి ఆపుకుని, ఆ మేక ఊసే తలుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. పుస్తకంలో మేక సంగతి కాదు నేను తలుచుకుంది. మా మేక సంగతి.

మా నాన్న రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్కు. అంగట్లో పని చాలదన్నట్టు సగం ఇంటికి తెచ్చుకునేవాడు. అందుకే మా ఇల్లు ఎప్పుడూ సోల్డరింగ్ పొగ వాసన వేసేది. దానికి అమ్మ వంటింటి ఎండుమిరపకాయల ఘాటు, వీధి మొగలో ఇరానీవాడి రొట్టెల పొయ్యి వాసన తోడయ్యేవి. ఇప్పటికీ నాకు ఈ మూడు వాసనలూ కలిస్తేనే శుక్రవారం.

శుక్రవారమంటే ఇక్కడ సెలవు, మా ఇంట్లో తిరునాళ్ళ. అప్పట్లో ఊరికి ఫోను చేయడం అంత తేలిక కాదు. ఉత్తరం రాయడం చాలామందికి రాదు. వచ్చినా, అక్కడ చదివిపెట్టేవాళ్ళు ఉండాలి కదా. అందుకని కేసెట్లో మాట్లాడి పంపేవాళ్ళు. ఊరికి పోయే మనిషి చేతికిస్తే, అతను పోయి ఇంట్లో ఇస్తే, అక్కడ వీధంతా కూర్చుని వినేది. మాట నింపడానికి యంత్రం కావాలి. అది మా ఇంట్లో ఉంది. సామాను కట్టడానికి పెద్ద అట్టపెట్టెలు కావాలి. అవీ నాన్న అంగడి నుంచి వచ్చేవి. బరువు చూడ్డానికి కొక్కేనికి వేలాడదీసే కాటా కావాలి. అదీ మాదే. ఇంకేం, ఎవరు ఊరికి పోతున్నా మా ఇంట్లోనే పెట్టె కట్టేవాళ్ళు. అమ్మ పొద్దున్నే సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరి పెట్టేది. ఎంతమంది వస్తారో తెలియదు కాబట్టి సంగటి కెలికే కట్టె ఆమె చేతిలోంచి దిగేదే కాదు.

అలా వచ్చేవాళ్ళలో మిష్రిఫ్ అత్త ఒకరు. మా నాన్న వాళ్ళ ఊరి పక్క ఊరే, రాయచోటి దగ్గర. నాన్నను అన్నా అనేది కాబట్టి నాకు అత్త. మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో పని. రెండు వారాలకోసారి ఆ ఇంటి డ్రైవరు ఆమెను మా వాకిట దింపి, పొద్దు వాలాక వచ్చి తీసుకుపోయేవాడు. వచ్చీ రాగానే నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. నాకు నొప్పి, ఆమెకు సంతోషం. ఊర్లో తనకొక కూతురుంది, పాలు మరిచీ మరవకముందే వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఆ జడ నాది కాదని నాకు అప్పుడే తెలుసు. అందుకే అరిచేదాన్ని కాదు.

నేనప్పుడు బడి లైబ్రరీ నుంచి మేకపిల్ల పుస్తకం తెచ్చుకున్నాను. తల దువ్వించుకుంటూ దాన్ని తెలుగులో చెప్పాను. అత్త దువ్వెన ఆపేసి వింది. పాలబండి నుంచి జారి మేక బురదలో పడ్డప్పుడు "అయ్యో, పడె" అంది, కన్నబిడ్డ పడ్డట్టు. అంతా అయ్యాక మా అమ్మ వైపు తిరిగింది.

"వదినా, నాకొక ఆలోచన తట్టింది. ఇట్లాంటి మేకపిల్లను కుట్టి నా బిడ్డకు పంపుతా. కేసెట్లో ఈ కత చెప్తా. నేను పోయేలోగా నా గొంతు దానికి అలవాటైతాది. ఊరికి పోతే బిడ్డ నన్ను చూసి పరిగెత్తిపోతాదేమోనని నాకు ఒకటే బెంగ."

ఆ బెంగ ఉత్తిది కాదు. అప్పట్లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అదే చెప్పుకుని ఏడ్చేవాళ్ళు. ఏళ్ళ తర్వాత ఇంటికి పోతే బిడ్డ అవ్వ కొంగు వెనక దాక్కుందనీ, సెలవంతా అయిపోవచ్చినా దగ్గరికి రాలేదనీ, వచ్చేసరికి తిరుగు విమానం వచ్చిందనీ. అత్తకు చలికాలంలో సెలవు. అప్పటికి ఇంకా ఎండలు మండుతున్నాయి. అంటే మేకకు పని చేయడానికి టైముంది.

మేకను మా ఇంట్లోనే కుట్టారు. అత్త కట్టి కట్టి మెత్తబడిన నీలం చీరతో ఒళ్ళు, లోపల గుడ్డపేలికలు. కళ్ళకు వాళ్ళ మామా, అంటే ఇంటి యజమానురాలు, పారేసిన అబాయా గుండీలు. గడ్డానికి తెల్ల ఉన్నిదారం నేనే తెచ్చాను. ఎక్కడి నుంచి తెచ్చానని ఎవరూ అడగలేదు, నా స్వెట్టరు మోచేతి దగ్గర ఎందుకు కురచైందని మాత్రం చలికాలంలో అమ్మ అడిగింది. కేసెట్ సంగతి ఇంకా తమాషా. మైకు ముందు కూర్చోగానే అత్తకు నోరు పెగల్లేదు. తర్వాత పెగిలింది గానీ, రాయచోటి దూరం కదా అని గట్టిగా అరిచింది. "మెల్లగా చెప్పమ్మా, దూరం పోయేది కేసెట్టు, నీ గొంతు కాదు" అని నాన్న నవ్వాడు. చివరికి కథ సగం వరకూ చెప్పి, "మిగతాది ఈ పెట్టెలో వచ్చిన మేకనే అడుగు బిడ్డా" అని ముగించింది.

ఆ శుక్రవారం రెండు పెట్టెలు కడుతున్నారు. ఒకటి రాయచోటి మనిషిది, మద్రాసు విమానం. ఇంకొకటి జగిత్యాల మనిషిది, బొంబాయి విమానం. రెండూ ఒకే రకం టేపురికార్డర్ అట్టపెట్టెలు, ఒకే నీలం నైలాను తాడు. జగిత్యాల పెట్టెలో సామానంతా జగిత్యాల చిన్నాయనది. హవల్లీలోనే లాండ్రీలో ఇస్త్రీ చేసేవాడు, మా నాన్నకు తమ్ముడి వరస కలుపుకున్నాడు. శుక్రవారాలు మా వంటింట్లోకి దూరి గిన్నెలో సర్వపిండి కాల్చేవాడు, అమ్మ వద్దన్నా వినేవాడు కాదు.

పెట్టె కట్టడం చూసినవాళ్ళకే తెలుస్తుంది అదెంత రణమో. విమానంవాళ్ళు బరువు ఎక్కువైతే ఒప్పుకోరు. కాటాకు తగిలిస్తారు, ముల్లు దిగిపోతుంది, ఒక సబ్బుల కట్ట తీస్తారు, మళ్ళీ తగిలిస్తారు, పాలపొడి డబ్బా తీస్తారు. తీసినవి దీంట్లోవి దాంట్లో, దాంట్లోవి దీంట్లో సర్దుతారు. రాయచోటి పెట్టె బరువు తూగలేదని నాన్న మేకను తీసి పక్కన పెట్టాడు. దుప్పటి మడత మార్చి మళ్ళీ తూచేలోగా ఎవరో, ఇది పైన పెట్టాల్సింది కాబోలని, పక్క పెట్టెలో పెట్టి తాడు బిగించేశారు. ఎవరన్నది ఈ రోజుకీ తేలలేదు. కేసెట్ రాయచోటికి పోయింది. మేక జగిత్యాలకు పోయింది.

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మేక చేరింది, బిడ్డ మురిసింది అనుకుంటూ అత్త శుక్రవారాలు లెక్కబెట్టుకుంటోంది. కొన్ని వారాల తర్వాత ఊరి నుంచి తిరిగొచ్చిన మనిషి కబురు తెచ్చాడు. కేసెట్ పెట్టారంట. పాప కదలకుండా వినిందంట. పెట్టె అంతా గుమ్మరించి, దుప్పట్లు దులిపి వెతికిందంట. మేక లేదు. అప్పుడు టేపురికార్డర్ను వేలుతో చూపించి, "ఈ పెట్టెలో ఆయమ్మ అబద్ధాలు చెప్తాంది" అనిందంట.

చెప్పినవాడు నవ్వుతూనే చెప్పాడు, పాపం. అత్త నవ్వలేదు. కలిపిన సంగటి ముద్ద కంచంలో అలాగే వదిలేసి లేచింది.

"కేసెట్టూ వద్దు, కతా వద్దు వదినా. నేను పోకముందే నా బిడ్డకు అబద్ధాలదాన్నైపోతి. ఇంక ఏం మొగం పెట్టుకోని పోవాల."

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పుస్తకంలో మేక కూడా తప్పిపోయింది కదా, దాన్ని రాసినావిడను ఎవరైనా అబద్ధాలది అన్నారా అని గట్టిగా అడిగేశాను. పెద్దవాళ్ళ మధ్య నీకేం మాటలని అమ్మ ఉరిమి చూసింది. అత్త మాత్రం కన్నీళ్ళతోనే నా తల మీద చెయ్యి పెట్టి, ఆ రోజు దువ్వకుండానే వెళ్ళిపోయింది. అత్త వచ్చి కూడా దువ్వెన పోటు లేని శుక్రవారం అదొక్కటే, అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

తర్వాతి శుక్రవారం జగిత్యాల చిన్నాయన వాళ్ళావిడ పంపిన కేసెట్ పట్టుకుని వచ్చాడు. అతని దగ్గర యంత్రం లేదు, మా ఇంట్లోనే వినేవాడు. అందరం చుట్టూ ఉండగానే పెట్టాడు. ఇంటి సంగతులన్నీ చెప్పాక ఆవిడ గొంతు కాస్త మారింది.

"గా పెట్టెల నీలం యాటపిల్ల ఒకటి ఎల్లింది. ఎవ్వలిదో ఎరుకలేదు. మన పోరగాండ్లు అది నాదంటే నాదని ఒకటే లొల్లి. నేను బీడీలు చుట్టెటప్పుడు చాటల కూసోవెట్టుకుంటున్న. మల్ల ఎవ్వలిదన్న ఉంటే చెప్పున్రి, పైలంగ పెట్టిన."

నాన్న టేపు ఆపాడు. చిన్నాయన నోరు తెరుచుకుని ఒకసారి నా వైపు, ఒకసారి అత్త వైపు చూశాడు. అత్త ఆ వారం రావాల్సింది కాదు. మామా మనసు కరిగి పంపింది. అత్త వారం నుంచీ ఇంట్లో మొహం వేలాడేసుకుని తిరుగుతోందని, కారణం అడిగి తెలుసుకుందంట. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ.

"అయితే నా మేక బతికే ఉండాది" అంది.

"బతుకుడేంది చెల్లే, రాజభోగం" అన్నాడు చిన్నాయన. "నాకు సుత చాటల జాగ దొరకదు."

మా అమ్మ సంగటి గిన్నె దించి వచ్చి అత్త పక్కన కూర్చుంది. మా అమ్మ తక్కువ మాట్లాడేది, మాట్లాడితే తెగ్గొట్టినట్టు ఉండేది. "ఇంకేంది నీకు బాధ. ఉండేది ఉండేట్టు చెప్పు. మేక దారి తప్పి జగిత్యాలకు పోయిందని చెప్పు. కత కాదా అది? అబద్ధం ఎట్లయితాది?"

అంతే. ఆ మధ్యాహ్నమే రెండో కేసెట్ నిండింది. ఖాళీ కేసెట్ లేకపోతే నేను నాన్న సినిమాపాటల కేసెట్ తెచ్చి, పాటలు చెరగకుండా దాని నెత్తిన విరగ్గొట్టిన చోట కాగితం ఉండ కుక్కి ఇచ్చాను. అలా కుక్కితే పాత పాట మీద కొత్త మాట ఎక్కుతుంది. గంటసేపటి పాటలు పోయాయని నాన్నకు తర్వాత తెలిసింది గానీ, అప్పటికి కథలో మేక బీడీలాకుల గంపలో కూర్చుంది. బీడీలాకు ఎలా ఉంటుంది, తునికాకు ఎలా కత్తిరిస్తారు, ఎర్రదారంతో ఎలా చుడతారు, అన్నీ చిన్నాయనను అడిగి అడిగి అత్త కథలోకి తెచ్చుకుంది. మైకు ముందు ఈసారి అరవలేదు. మేక ఒంటికి ఇప్పుడు బీడీలాకు వాసన పట్టిందని కూడా చెప్పింది.

మేకను రాయచోటికి పంపడమెలా అన్నది తర్వాతి ప్రశ్న. అప్పుడు రెండూ ఒకే రాష్ట్రంలో ఊళ్ళు. పోస్టులో వేయించమన్నాడు నాన్న.

"పోస్టుల ఏస్తె ఏడ పోతదో ఎరుకనా అన్నా? మనిషి చేతిల పెట్టి తెప్పిస్త. మా ఊరాయన దసరా ఎల్లినంక మల్లస్తడు" అన్నాడు చిన్నాయన.

నాన్న నా అట్లాసు తీసి చూపించాడు. జగిత్యాల ఇక్కడ, రాయచోటి ఇక్కడ, మధ్యలో ఒక జానెడు. మేక సముద్రం దాటి కువైట్‌కు వచ్చి, మళ్ళీ సముద్రం దాటి పోతుందా అని. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టుంది అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. చేతికిచ్చిన సామాను చేరుతుంది, ఇవ్వనిది చేరదు. మా శుక్రవారాల్లో దాన్ని మించిన చట్టం లేదు.

మేక ఆగిన కొద్దీ కథకు కొమ్మలొచ్చాయి. జగిత్యాల నుంచి వచ్చే ప్రతి కేసెట్‌లో దాని కబురు ఉండేది. బతుకమ్మ ఆడేటప్పుడు పిల్లలు దాన్ని తంగేడు పూల పక్కన కూర్చోబెట్టారంట. ముసలవ్వ దానికి పసుపు రాసిందంట. పక్కింటి కుక్క ఎత్తుకుపోతే వెంటబడి విడిపించారంట, ఒక కన్ను పోయిందంట. ఇదంతా అత్త మళ్ళీ తన మాటల్లో చెప్పి రాయచోటికి పంపేది. అక్కడి నుంచి వచ్చే మనుషుల మాట కూడా మారింది. పాప తరువాతి కేసెట్ ఎప్పుడని అడుగుతోందంట. ఊరికెవరొచ్చినా పెట్టె విప్పకముందే మేక యాడుండాదిప్పుడు అని అడుగుతోందంట. మిష్రిఫ్‌లో మామా కూడా పొద్దున టీ ఇస్తే ముందు "సఖ్లా వేన్?" అని మేక ఆచూకీ అడిగేదంట. మేకకు ఇఖామా, అంటే ఉండనిచ్చే కాగితం, లేకుండా ఇన్ని దేశాలు తిరగనిచ్చిన వాళ్ళ మీద చిన్నాయన జోకులు సరేసరి. దానికి పూచీపడ్డ కఫీల్ తనేనని చెప్పుకునేవాడు.

చలి మొదలయ్యాక మేక వచ్చింది. ఒక కంటికి గుండీ, రెండో కంటికి గురివింద గింజ. మెడలో బీడీలు కట్టే ఎర్రదారం. నీలం చీర మీద పసుపు మరక. అత్త చేతికివ్వగానే ముక్కుకు ఆనించుకుంది. ఆమె చీర వాసన ఎప్పుడో పోయింది. గుప్పుమని ఆకు వాసన. అమ్మ జాలిపడి, సబ్బు పెట్టి ఉతికి ఆరేద్దామంది.

"వద్దు వదినా" అంది అత్త. "ఆకు వాసన వచ్చాదని కతలో చెప్పింటి. ఉతికితే అబద్ధమైతాది."

ఆ మాటకు మా అమ్మ, ఎప్పుడూ ఎవరికీ తలవంచని మా అమ్మ, వంచి మేకను తాను కూడా వాసన చూసింది.

అత్త సెలవుకు పోయింది. మేక పెట్టెలో కాదు, ఆమె చంకలో పోయింది. మూడు వారాలు మాకు కబురు లేదు. నాకు బడిలో ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదు. చిన్నాయన రోజూ లాండ్రీ మూసి నేరుగా మా ఇంటికి వచ్చి, ఏమన్నా తెలిసిందా అని అడిగి పోయేవాడు. చివరికొక శుక్రవారం, ఊరి నుంచి వచ్చిన మనిషి చేత కేసెట్ వచ్చింది.

ఇల్లంతా జనం. నాన్న మీట నొక్కాడు. అత్త గొంతు.

"అన్నా, వదినా, అందరూ బాగుండారా. బస్సు దిగితి. మాయమ్మ పాపను ఎత్తుకోని నిలబడుండాది. నేను చెయ్యి చాపితే మొగం తిప్పుకునింది. మేకను చూపించేదానికి కూడా చేతులు రాల్యా. ఏం మాట్లాడాల్నో తెలీక, కత మొదలుపెడ్తి. ఒగ పొద్దు మేకపిల్ల పాలబండిలో పడె, అని. అంతే వదినా, తల తిప్పింది. నా నోటికల్లే చూసింది. ఈ గొంతు పెట్టెలో ఉండే గొంతే అని దానికి తెలిసింది. కిందికి దిగి వచ్చి నా కొంగు పట్టుకునింది. మేకను చూడకముందే, వదినా. మేకను చూడకముందే నన్ను పట్టుకునింది."

ఎవరో ముక్కు ఎగబీల్చారు. టేపు ఇంకా తిరుగుతోంది. ఇప్పుడు అత్త ఆ కథను అక్కడ, ఆ పాప పక్కన కూర్చుని, మా కోసం మళ్ళీ చెబుతోంది. మేక జగిత్యాల బస్సు ఎక్కిందనీ, చాటలో కూర్చుందనీ. మధ్యలో సన్నటి గొంతొకటి, చికాగ్గా, అధికారంగా అడ్డం వచ్చింది.

"అట్ల కాదుమా. చాటలో కూచునింది తర్వాత. ముందు ఆకుల గంప. నువ్వు మర్చిపోతాండావుమా."

అత్త "అవును బిడ్డా, ముందు గంపే" అని సర్దుకుని కథలోకి పోయింది. తను గమనించనే లేదు. చిన్నాయనా గమనించలేదు, నేనూ గమనించలేదు. మా అమ్మే గబుక్కున లేచి నిలబడింది.

"ఆపండి. వెనక్కి తిప్పండి. కాదుమా అనింది. బిడ్డ అమ్మా అనింది."

నాన్న వెనక్కి తిప్పాడు. విన్నాం. మళ్ళీ తిప్పమన్నారు, మళ్ళీ విన్నాం. కాసేపటికి ఎవరు తిప్పమంటున్నారో కూడా తెలియలేదు, ఊళ్ళో పిల్లలను వదిలి వచ్చిన మనుషులందరూ ఒక్కసారే తిప్పమంటున్నారు. సంగటి చల్లారిపోయింది. గిన్నెలో సర్వపిండి మాడిపోయింది. చిన్నాయన కళ్ళు తుడుచుకుని, "అన్నా, ఒక ఖాళీ కేసెట్ ఇయ్యి, నేను సుత మా పోరగాండ్లకు కత చెప్త" అన్నాడు. జీతం వచ్చిందనీ, వానలు పడ్డాయా అనీ తప్ప అంతవరకూ కేసెట్‌లో మరొకటి చెప్పి ఎరుగడు.

ఆ కేసెట్ అరిగి, ముడతలుపడి, ఒకరోజు యంత్రం పళ్ళ మధ్య చిక్కి తెగిపోయింది. ఆ మనుషులు, ఆ శుక్రవారాలు, ఆ పెట్టెల కట్టుళ్ళు ఏవీ ఇప్పుడు లేవు. ఇన్నేళ్ళ బడి జీవితంలో పిల్లలకు ఎన్నో కథలు చెప్పాను. చాలావాటికి చప్పట్లు కొట్టారు, కొన్నిటికి ఆవలించారు. కానీ ఒక కథ ఒక తల్లికి తన బిడ్డను గెలిచి ఇవ్వడం నేను చెవులారా విన్నది ఆ ఒక్క శుక్రవారమే.